వరుస ఆగిపోయిన పరామర్శ

మా ఊరి ఫ్యునరల్ హోమ్‌లో సందర్శకుల వరుసను అరగంట సేపు ఆపేసిన మనిషిగా నాకు కొంత పేరుంది. కోరి తెచ్చుకున్న పేరు కాదు. అదే కౌంటీలో, అంటే ఇక్కడి జిల్లాలో, పదేళ్లు వంతెనలు డిజైన్ చేశాను. వాటి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. వంతెన కూలితే తప్ప దాని ఇంజనీరు ఎవరికీ గుర్తురాడు కాబట్టి ఆ మౌనాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

పోయినాయన మా ఎదురింటాయన. 1970ల చివర్లో మేమిద్దరం, నేనూ మా ఆవిడా, ఇలినాయ్‌లోని ఆ చిన్న కాలేజీ ఊళ్లో దిగేసరికి ఆయన హైస్కూల్లో డ్రైవింగ్ నేర్పే మాస్టారు. సెలవుల్లో నాకూ నేర్పాడు. ఆ కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేక్ ఉండేది. మొదటి వారమంతా స్టీరింగ్ నా చేతిలో ఉన్నా కారును ఆయన కాలే నడిపింది. ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. ఒకరోజు నేను కారుతో సహా పోస్టాఫీసు మెట్లవైపు బయల్దేరితే, "ఈ రోజు ఆదివారం, మూసేసి ఉంటుంది" అన్నాడు, అంతే.

ఆయన మామూలు మనిషి కాడని మూడో పాఠంలో తెలిసింది. పెట్రోలు కోసం ఆగాం. బంకు యజమాని, భారీ మనిషి, నారింజ రంగు కోటు వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, కిటికీలోంచి మాస్టారి ఎడంచెయ్యి లాక్కుని నాకు చూపించాడు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ కొంచెం వంకరగా ఉన్నాయి.

"ఇవి ఏమిటో తెలుసా?" అని అడిగాడు.

"వేళ్లు" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూసి కథ చెప్పాడు. ఇరవై ఏళ్ల పైచిలుకు కిందట మాస్టారు ఆ ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు. ఇక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని గీత దాటాలి. పక్క కౌంటీ కాలేజీతో ఆట. ఆఖరి పద్నాలుగు సెకన్లు మిగిలాయి. ఎక్కడో దూరంనుంచి విసిరిన బంతిని మాస్టారు ఎడంచేత్తో, గాల్లో, రెండు వేళ్లు విరగ్గొట్టుకుని మరీ పట్టుకుని, గీత దాటి పడ్డాడు. జట్టు గెలిచింది. ఆ తర్వాత ఆ జట్టు చెప్పుకోదగ్గది మరేదీ గెలవలేదు. కాబట్టి ఆ పద్నాలుగు సెకన్లనే ఊరు పొదుపుగా వాడుకుంటూ వస్తోంది.

నాకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. మా వైపు ఊరికో స్వాతంత్ర్య సమరయోధుడు ఉండేవాడు. ఏటా ఆగస్టు పదిహేనున బళ్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, లాఠీదెబ్బ మచ్చ చూపించమనేవాళ్లం. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ ఆయన ఏం తింటున్నాడో అడిగినవాళ్లు లేరు. తేడా ఏమిటంటే మాస్టారి విషయంలో ఏడాది పొడుగునా ఆగస్టు పదిహేనే. కిరాణా కొట్టులో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనబడితే అక్కడ వేళ్లు చూపించమనేవారు. ఆయన చూపించేవాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్నామని అందరూ చెప్పేవాళ్లు. మాకు పాలు వేసే అతనూ ఉన్నాడు. అతని వయసు పందొమ్మిది.

1980ల్లోకి వచ్చాక, ఒక ఆగస్టులో, ఆయనకి పేగులో కేన్సర్ అని తేలింది. అభిమానులు రావడం మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నాలు వాళ్ల వాకిట్లో జట్టు రంగు నారింజ కోట్లు వరుసగా కనబడేవి. వచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని, తాము ఆ రోజు ఏ వరుసలో కూర్చున్నారో, గాలి ఎటునుంచి వీచిందో మాస్టారికి చెప్పి, వేళ్లు చూసి వెళ్లేవాళ్లు. కీమో ఎలా ఉంది, అన్నం సయిస్తోందా అని అడిగినవాడు లేడు. అడగడం మర్యాద కాదట. మాస్టారి భార్య కాఫీ జగ్గు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వినేది.

మా ఆవిడ వారానికి రెండుసార్లు చారు కాచి తీసుకెళ్లేది. ఒకరోజు తిరిగొచ్చి, గిన్నె సింక్‌లో పెట్టి అంది. "ఆవిడ ఇవాళ ఏమందో తెలుసా? 'వీళ్లంతా బంతిని చూడ్డానికి వస్తున్నారు. మా ఆయన్ని చూడ్డానికి ఎవరూ రావట్లేదు' అంది. 'ఈయన పోతే పూడ్చేది కూడా బంతినే. ఈ ఇంట్లో ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియకుండానే పోతుంది' అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? చారు వేడిగా తాగమన్నాను."

ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది. కానీ గుచ్చుకున్న మాటను ఏం చేయాలో ఇంజనీరింగులో చెప్పరు.

మరుసటి ఏడు అక్టోబర్‌లో ఆయన పోయాడు. మధ్యలో పద్నాలుగు నెలలు. కబురు తెలిసిన పూటే ఊరి దీపస్తంభాలకు నారింజ రిబ్బన్లు కట్టేశారు. బంకు యజమాని పెట్రోలు ధరల బోర్డు మీద ధరలు తీసేసి, ఆ పాత ఆట స్కోరు పెట్టాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు కొందరు, పెట్రోలు ఇంత చవకా అని బారులు తీరారని విన్నాను.

ఇక్కడ శవాన్ని ఇంట్లో పడుకోబెట్టరు. దానికో వేరే ఇల్లు ఉంటుంది, అదే ఫ్యునరల్ హోమ్, మెత్తటి తివాచీలతో, మెత్తటి మనుషులతో. అంత్యక్రియలకి ముందురోజు మధ్యాహ్నం రెండునుంచి అయిదువరకూ సందర్శన అని పేపర్లో వేశారు. మేము ఈ దేశంలో ఒక చావుకి వెళ్లడం అదే మొదలు. ఆఫీసులో నా పక్క బల్ల డ్రాఫ్ట్స్‌మన్‌ని సలహా అడిగాను.

"వరుసలో నిలబడాలి. ఆమె దగ్గరికి వెళ్లాక చెయ్యి పట్టుకుని, మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాను అనాలి. కావాలంటే ఆయన గురించి ఒక మంచి జ్ఞాపకం. మొత్తం ముప్పై సెకన్లు" అన్నాడతను.

"ముప్పైలో అయిపోతుందా?"

"నలభై అయితే వెనకవాళ్లు దగ్గుతారు."

ఇంటికొచ్చి ఆ వాక్యం అద్దం ముందు సాధన చేస్తుంటే మా ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ చూసింది.

"ఏవండీ, ఆ ఒక్క సెంటెన్స్ చెప్పి మూవ్ అయిపోండి. అక్కడ ఏమీ అడక్కండి."

"నేనేం అడుగుతాను?"

"మీ అమ్మగారి కొడుకు కదా. అడుగుతారు."

మా అమ్మ విషయం చెప్పాలి. తెనాలి దగ్గర మా పేటలో ఎవరు పోయినా, మా చర్చివాళ్లయినా కాకపోయినా, పరామర్శకి ముందు నడిచేది మా అమ్మే. వెంట నన్ను తీసుకెళ్లేది. వెళ్లి, పోయినవాళ్ల మనిషి పక్కన చాపమీద కూర్చుని, చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని ఒకటే అడిగేది. "అసలెట్టా జరిగిందమ్మా?" ఇక ఆవిడ మొదటి జ్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టేది. ఏ డాక్టరు, ఏ మందు, ఆఖర్న ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు. అయిపోయేసరికి ఇంకొకరు వచ్చేవారు. మళ్లీ "అసలెట్టా జరిగింది?" మళ్లీ మొదటి జ్వరం. ఇదివరకే విన్నవాళ్లు పక్కనుంచి "గుంటూరు తీసుకెళ్లింది చెప్పలేదు" అని అందించేవాళ్లు. మొదటిరోజు సగంలోనే కుప్పకూలిన మనిషి పదోరోజుకి ఆసాంతం చెప్పగలిగేది. మధ్యలో లేచి పొయ్యి మీద పాలు కూడా చూసుకునేది. నాకు అది వైద్యమని అప్పుడు తెలీదు. ఆడవాళ్ల కబుర్లనుకున్నాను.

మేము వెళ్లేసరికి వరుస గుమ్మం దాటి పార్కింగ్‌లోకి వచ్చింది. అంతా నారింజ కోట్లు. లోపల శవపెట్టె పక్కన బంతి ఆకారంలో కట్టిన చేమంతులు నిలబెట్టారు. మా వెనక బంకు యజమాని. ఆయన వెనక ఊరి దంతవైద్యుడు, కందిరీగ వేషంలో. జట్టు గుర్తు కందిరీగ. మాస్టారు ఆడిన రోజుల్లో ఆటలప్పుడు ఆ వేషం కట్టి జనాన్ని ఉత్సాహపరిచింది ఈయనేనట. పాతికేళ్లలో కందిరీగ లావెక్కింది. వీపు మీద జిప్పు సగానికి ఆగిపోయి, లోపలి తెల్ల చొక్కా, టై కనబడుతున్నాయి. తలకాయ చంకలో పెట్టుకున్నాడు. ముఖం మాత్రం నిజంగా ఏడ్చినవాడి ముఖం. ఎవరూ నవ్వలేదు. నేను కొంచెం ప్రయత్నం చేయాల్సి వచ్చింది.

వరుస కదులుతోంది. ముందువాళ్ల మాటలు వినబడుతున్నాయి.

"పన్నెండో వరుసలో ఉన్నానమ్మా. బంతి నా తలమీంచే వెళ్లింది."

"థాంక్యూ" అంది ఆమె.

"గాలి ఎదురుగాలి. అది ఎవరూ చెప్పరు. ఎదురుగాలి."

"థాంక్యూ."

"అలాంటి క్యాచ్ మళ్లీ పుట్టదు."

"థాంక్యూ."

నల్ల గౌనులో సన్నగా, నిటారుగా నిలబడి, ఆమె ఒక్కో థాంక్యూ ఒక్కో మెట్టులా దిగుతోంది. మా వంతు వచ్చేవరకూ ఎవరి నోటినుంచీ ఆమెకి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పద్నాలుగు నెలలు జబ్బుతో ఉన్న మనిషి ఆ గదిలో ఎక్కడా లేడు. ఉన్నది బంతి, చేమంతుల్లో కట్టి.

నా వంతు వచ్చింది. చెయ్యి పట్టుకున్నాను. మా ఆవిడ వెనకనుంచి నా మోచేతిని హెచ్చరికగా ముట్టుకుంది. సాధన చేసిన వాక్యంలో "మీకు కలిగిన" వరకూ వచ్చాను. ఆమె కళ్లు చూశాను. ఆ తర్వాత నోరు నాది కాదు.

"అసలు ఎలా జరిగిందండీ? మొదట్నుంచీ చెప్పండి" అన్నాను.

ఇంగ్లీషులో అది పోలీసు విచారణలా వినబడింది. గోడవారన నిలబడిన ఫ్యునరల్ హోమ్ మేనేజరు తల పైకెత్తాడు. మా ఆవిడ నా మోచేతిని ముట్టుకోవడం మానేసి గిల్లింది.

"మొదట్నుంచా?" అంది ఆమె.

వెనక్కి తగ్గడానికి అదే సరైన సమయం. "మొదట్నుంచే" అన్నాను.

"ఆగస్టులో మొదలైంది. పెరట్లో టమాటాలు కోస్తున్నాం. ఆయన బుట్ట కింద పెట్టేసి, ఆకలి లేదు అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు" అంది.

అక్కణ్ణుంచి ఆగలేదు. కొంతసేపటికి ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకోవడం చూసి మేనేజరు రెండు మడత కుర్చీలు తెచ్చి వేశాడు. నన్ను చూసి, ఇది మీ దేశంలో పద్ధతి అయి ఉండాలి అన్నట్టు తలాడించాడు. నేనూ అవునన్నట్టు ఆడించాను. అబద్ధం కాదు.

ఆమె చెప్పింది. మొదటి ఆపరేషన్ తర్వాత ఆయనకి ఊరికే ఉండటం చేతకాక గరాజ్‌కి రంగు వేశాడట. అప్పటివరకూ గోధుమరంగు. బూడిదరంగు వేశాడు. మర్నాడు చూసి, యుద్ధనౌకలా ఉందని ఆకుపచ్చ వేశాడు. వారం చూసి, మళ్లీ గోధుమరంగే వేశాడు. కుర్చీలో కూర్చుని, గోడ ఎంతవరకూ అందితే అంతవరకూ. పైభాగం ఈమె వేసింది.

"ఎందుకు మళ్లీ అదే రంగు అని అడగలేదా?" అన్నాను.

"అడిగాను. ఇప్పుడు ఖాయంగా తెలిసింది కదా అన్నాడు."

నా వెనక ఎవరో నవ్వి, నవ్వినందుకు దగ్గారు. వరుస కదలడం మానేసి ఎప్పుడో ముందుకు ఒరిగింది. తల తిప్పి చూస్తే అది వరుసలా లేదు. మా పేటలో అరుగు చుట్టూ మూగినట్టు మూగారు.

ఆమె అసలు సంగతికి అప్పుడు వచ్చింది. ఊళ్లో సగంమందికి డ్రైవింగ్ నేర్పిన మాస్టారి భార్యకి డ్రైవింగ్ రాదు. కాపురం కొత్తలో ఒకసారి నేర్పబోయాడు. ఇద్దరూ మూడురోజులు మాట్లాడుకోలేదు. అప్పటినుంచీ అది ఇంటిగుట్టు. జబ్బు చేశాక ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారనే ప్రశ్న వచ్చింది. అభిమానుల్లో ఎవర్ని అడిగినా వస్తారు. కానీ దారి పొడుగునా పన్నెండో వరుస గురించి వినాలి. అందుకని ఆయన పొట్ట మీద దిండు పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని, ఈమెకి నేర్పాడు. ఈసారి వాళ్ల సొంత కారులో ఆయన వైపు బ్రేక్ లేదు.

"అరిచారా?" అని అడిగాను.

"నేను అరిచాను. ఆయన నవ్వాడు. నవ్వితే కుట్లు నొప్పి. అందుకని కారు ఆపమనేవాడు. ఒక రోడ్డు చివరిదాకా వెళ్లడానికి మాకు ఒక పూట పట్టేది" అంది. "మే నెలలో టెస్టు పాసయ్యాను. ఆ రోజు ఆయన చర్చి సూటు వేసుకుని వచ్చాడు. బెల్టుకి కొత్త చిల్లులు పెట్టాల్సివచ్చింది."

ఎన్ని చిల్లులో వేళ్లతో చూపించింది. మా అమ్మ అడిగే వరుసలోనే అడిగాను.

"ఆఖర్న ఏమైనా తిన్నారా?"

"పీచ్. డబ్బాలోది. సగం."

"ఏమైనా అన్నారా?"

"కిటికీ తీయమన్నాడు. తీశాను. మరీ ఎక్కువైంది అన్నాడు. సగం మూశాను. ఆ, ఇప్పుడు బాగుంది అన్నాడు." ఆమె చేతిరుమాలు మడత విప్పి మళ్లీ మడిచింది. "అంతే. ఇంకేం అనలేదు."

నేను లేచాను. ఇరవై అయిదు నిమిషాలు పట్టిందని తర్వాత మా ఆవిడ చెప్పింది. ఆవిడ గడియారం చూస్తూనే ఉందట, ఎందుకో తెలీదు. చావు ఇంట్లో వెళ్లొస్తాం అనకూడదు కాబట్టి, ఏమీ అనకుండా మా ఆవిడతో పాటు పక్కకి జరిగాను. ఆ ఒక్కటీ మాత్రం అందరికీ మర్యాదలేనితనంగా కనబడిందేమో.

తర్వాత వంతు బంకు యజమానిది. ఆయన పాతికేళ్లుగా సిద్ధం చేసుకున్న ప్రసంగం జేబులో కాగితం మీద ఉంది. వరుసలో నిలబడి ఉండగా చూపించాడు. ఇప్పుడు ఆమె ఎదురుగా నిలబడి, కాగితం తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. పెద్ద మనిషికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆకుపచ్చ, ముదురా లేతా?" అని అడిగాడు.

ఆమె కుర్చీ చూపించింది. ఆయన కూర్చున్నాడు. కుర్చీ ఒక మూలుగు మూలిగింది.

ఆయన తర్వాత కందిరీగ. కూర్చోవడానికి వేషం ఒప్పుకోక, మోకాళ్ల మీద వంగి, "కీమో వల్ల నోరు పూసిందా? పళ్లు నొప్పి అన్నాడా? నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగాడు. అడుగుతూనే ఏడ్చాడు. ఆమే ఆయన భుజం తట్టింది. నారింజ కోట్లవాళ్లకి పద్ధతి అర్థమైపోయింది. ఏ పద్ధతైనా వాళ్లకి ఒక్కసారి చూపిస్తే చాలు, ఏళ్ల తరబడి వదలరు. ఒక్కొక్కరూ కూర్చోవడం, ఒక్కో ప్రశ్న అడగడం. కొందరు మొదట్నుంచీ చెప్పమన్నారు. ఆమె చెప్పింది. ముందు విన్నవాళ్లు వెళ్లకుండా అక్కడే నిలబడి, "టమాటాల సంగతి మర్చిపోయారు" అని అందించారు. నేను గోడకి ఆనుకుని వింటున్నాను. తెనాలిలో ఉన్నట్టే ఉంది, మెత్తటి తివాచీ మినహాయిస్తే.

అయిదింటికి మూయాల్సిన ఇల్లు ఏడైనా మూయలేదు. మేనేజరు కోటు విప్పి తనూ ఒక కుర్చీ వేసుకున్నాడు.

ఇంటికి వెళ్తూ కారులో మా ఆవిడ గడియారం విప్పి పర్సులో వేసుకుంది.

"ఒక్క సెంటెన్స్ చెప్పమన్నాను" అంది.

"సగం చెప్పాను."

"మీ అమ్మగారు ఉంటే ఇంకో అరగంట కూర్చునేవారు" అంది. అది తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు చర్చిలో అంత్యక్రియల ఆరాధన. బల్లలన్నీ నారింజరంగు. ముందు బల్లలో ఆమె కూర్చుని ఉంది. గొంతు పూర్తిగా పోయింది. కీర్తన పాడటానికి పెదాలు కదిపింది కానీ శబ్దం రాలేదు. ముఖం మాత్రం రాత్రి నిద్రపోయిన మనిషి ముఖం.

పాస్టరుగారు కొత్తాయన. ముందురోజు వేరే ఊళ్లో పెళ్లి ఉండి సందర్శనకి రాలేకపోయాడు. పాపం, పేపర్లు చదివి బాగా తయారై వచ్చాడు. "పద్నాలుగు సెకన్లు మిగిలి ఉన్నాయి" అని గంభీరంగా మొదలుపెట్టాడు. ఆ వాక్యానికి ఆ ఊళ్లో ఎప్పుడూ ఒక నిట్టూర్పు వస్తుంది. రాలేదు. ఆయన ఎదురుగాలి దాకా వెళ్లాడు. జనం ఆయన్ని ఓపికగా, కొంచెం బాధగా చూస్తున్నారు, పెళ్లికి మర్నాడు వచ్చినవాణ్ణి చూసినట్టు.

నా ముందు బల్లలో బంకు యజమాని రెండుసార్లు ఇటూ అటూ కదిలాడు. మూడోసారి లేచి నిలబడ్డాడు.

"మన్నించాలి పాస్టర్. గరాజ్ సంగతి కూడా చెప్తారా?"

పాస్టరు తన కాగితాలు తిరగేశాడు. వాటిలో గరాజ్ లేదు. ఆమె వైపు చూశాడు. ఆమె గొంతు ముట్టుకుని, రాదన్నట్టు చెయ్యి ఊపి, ఆ చెయ్యే బంకు యజమాని వైపు చూపించింది.

ఆయన కోటు సర్దుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి గురించి, బంతి లేకుండా మాట్లాడబోతున్నాడు. "ఆగస్టులో టమాటాలు కోస్తున్నారు" అని మొదలుపెట్టాడు. బుట్ట కింద పెట్టడం చెప్పాడు, ఆపరేషన్ చెప్పాడు, రంగు డబ్బాలు చెప్పాడు. బాగానే నడుస్తోంది. "మొదట ఆకుపచ్చ వేశాడు" అన్నాడు.

"బూడిదరంగు" అంది చర్చి మొత్తం.